టీనా కూర్చున్న చోటు

మా టీనా ఉద్యోగం కూర్చోవడం. వినడానికి సుఖంగానే ఉంటుంది. కానీ ఆరున్నరేళ్ల సర్వీసులో, నేను ఆడించిన ఆటలు పక్కన పెడితే, డ్యూటీలో దానంతట అది కూర్చున్నది ఒక్కసారే. ఆ ఒక్కసారికే నానక్‌రామ్‌గూడ రోడ్డు రెండు గంటలు ఆగిపోయింది, నాలుగు వేలమంది ఎండలో నిలబడ్డారు. టీనా ముక్కు ఇంకా పనిచేస్తోందో లేదో తేల్చమని పైనుంచి ఉత్తరం వచ్చింది.

నా పేరు శివశంకర్. పుట్టింది పుప్పాలగూడలో. ఇప్పటికీ అక్కడే, రెండు అపార్టుమెంట్ల ప్రహరీల మధ్య మిగిలిపోయిన మా రెండు గదుల ఇంట్లో ఉంటున్నాను. ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో డాగ్ హ్యాండ్లర్‌ని. అంటే ఐటీ పార్కు గేటు దగ్గర, బాంబుల కోసం కార్లు వాసన చూసే కుక్క తాడు నా చేతిలో ఉంటుంది. టీనా లాబ్రడార్, బెల్లం రంగు, వయసు ఎనిమిది. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా నాలుగు వందల కార్లు వస్తాయి. డిక్కీ తెరుచుకుంటుంది, టీనా వాసన చూస్తుంది, చక్రాల పక్కగా ఒక చుట్టు తిరుగుతుంది, నేను చెయ్యి ఊపుతాను, వెనకాల ఇంకొకటి. లోపలున్నవాళ్లలో నూటికి తొంభై మంది ఫోన్లోంచి తలెత్తరు. మిగతా పదిమంది వాచీ చూసుకుంటారు, వాళ్ల ఆలస్యానికంతా మేమే కారణమైనట్టు.

మాకు పని నేర్పిన పుల్లయ్య సార్ సైన్యంలో కుక్కల విభాగంలో చేసి వచ్చిన మనిషి. మొదటి రోజు మమ్మల్ని నేలమీద కూర్చోబెట్టి కుక్క ముక్కు గురించి చెప్పాడు.

"మీ ఇంట్ల సాంబారు కాగితే మీకు సాంబారు వాసన వస్తది. కుక్కకు పప్పు వేరే వస్తది, చింతపండు వేరే వస్తది, ఇంగువ వేరే వస్తది. గిన్నె తోమిన సబ్బు సుత వేరే వస్తది. మనం గాలి ఇడిస్తే లోపలికొచ్చే వాసన ఆగిపోతది. కుక్కకు ముక్కు పక్కన చీలికలుంటయి. ఇడిసే గాలి పక్కకెళ్లి పోతది, కొత్త వాసన ముందటికెళ్లి వస్తనే ఉంటది, సెకనుకు ఐదుసార్లు. కుడి రంధ్రం వేరే, ఎడమ రంధ్రం వేరే. వాసన ఏ దిక్కుకెళ్లి వస్తున్నదో దానికి గట్లనే ఎరుకైతది."

ఇంత ముక్కున్న జీవానికి మనం ఇచ్చిన పని డిక్కీలు చూడటం. ఒంటికి పూసే అత్తరుతో నేల తుడిచినట్టు. అయినా టీనా ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. చిన్నబుచ్చుకునేది నేనే.

పుల్లయ్య సార్ ఇంకో మాట చెప్పాడు. కుక్క నోరు తెరిచి రొప్పుతున్నంతసేపూ దానికి వాసన సరిగా అందదు. ఒంట్లో వేడి దించుకోవడానికి రొప్పాలి, వాసన చూడాలంటే నోరు మూసుకోవాలి, రెండూ ఒకేసారి కుదరవు. అందుకని ఇరవై నిమిషాలు పని, నలభై నిమిషాలు నీడన విశ్రాంతి అన్నది ఆయన లెక్క. ఏజెన్సీ వాళ్ల ఒప్పందంలో మాత్రం ఎనిమిది గంటలు అని ఉంది. ఒప్పందం రాసినవాడి ముక్కు వాడి మొహానికి అలంకారం అయి ఉంటుంది. ఏప్రిల్ వచ్చిందంటే ర్యాంపు సిమెంటు పెనంలా కాలుతుంది. టీనా ప్రతి కారు దగ్గరా రొప్పడం ఆపి, నోరు మూసి, వాసన చూసి, మళ్లీ నాలుక వేలాడేసేది. పోయినేడాది నుంచి వెనక కాళ్లు పట్టేస్తున్నాయి. మమ్మల్ని గేటుకు తెచ్చే ఏజెన్సీ బండి దిగేముందు ఒకసారి నేలను, ఒకసారి నన్ను చూసేది. రెండు చేతులతో ఎత్తి దించేవాణ్ని. దాన్ని దించాక నా నడుం పట్టేసేది. ఇద్దరం కలిసి కుంటుకుంటూ గేటు దాకా వెళ్లేవాళ్లం.

పార్కుకు బాంబు ఎవరూ తేరు. అది అందరి అదృష్టం. కానీ కుక్కకు అదృష్టం సంగతి తెలియదు. రోజుకు నాలుగు వందలసార్లు వెతికి ఏమీ దొరక్కపోతే దానికి పని మీద మనసు పోతుంది. లోపల ఏసీలో ఉన్నవాళ్లకైనా ఏడాదికోసారి శభాష్ అని మెయిల్ వస్తుందట. అందుకే మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏజెన్సీ కుక్కలుండే కెన్నెల్లో అసలు పేలుడు మందు పక్కన రాత్రంతా ఉంచిన గుడ్డముక్కలు పదిహేను రోజులకోసారి పంపిస్తారు, వాటిని మేం గాజుసీసాలో దాచుకోవాలి. రోజుకో ముక్క పట్టకారుతో తీసి, టీనా చూడకుండా ఏదో ఒక కారు చక్రం పైన దాచాలి. అది పసిగట్టి అక్కడ కూర్చుంటుంది. నేను శభాష్ అని రబ్బరు బంతి ఇస్తాను. మూడు నిమిషాల పండగ. ఆ మూడు నిమిషాల కోసమే అది మిగతా రోజంతా వెతికేదని నా నమ్మకం.

పోయిన నవంబరులో ఆ గాజుసీసా నా చేతిలోంచి జారి పగిలింది. మా సూపర్‌వైజర్ బాలును కొత్తది అడిగాను. "రేపు తెస్త అన్నా" అన్నాడు. ఆ రేపు వచ్చేలోపు దీపావళి వెళ్లింది, క్రిస్మస్ వెళ్లింది. నేను మొదటి వారంలోనే విసిగిపోయి, మా ఇంట్లో ఖాళీ అయిన మామిడికాయ పచ్చడి సీసా తెచ్చాను. ఏ ఇంట్లో చూసినా పచ్చడి సీసా పచ్చడితో చచ్చిపోదు కదా, పప్పులు పోసుకుంటుంది, ఉప్పు పోసుకుంటుంది, చివరికి మొక్క నాటుకుంటుంది. మా ఆవిడ కనకలక్ష్మి నిమ్మచెక్కతో, సబ్బుతో, వేడినీళ్లతో మూడుసార్లు కడిగింది. రెండు రోజులు ఎండబెట్టాం. మూత తీసి వాసన చూశాను. నా ముక్కుకు ఏమీ తగల్లేదు. నాకు తగల్లేదు కాబట్టి లేదనుకున్నాను. ఆరేళ్లు కుక్క వెంట తిరిగినవాడు చేయాల్సిన తప్పు కాదది.

మే నెలలో ఒక సోమవారం, తొమ్మిదింబావుకు, తెల్ల కారు ఒకటి వచ్చింది. నడుపుతున్నావిడ ఉమాశ్రీ, మూడో టవర్లో పని, రోజూ అద్దం దించి టీనాకు నమస్తే చెప్పే ఒకరిద్దరిలో ఒకావిడ. డిక్కీ తెరిచింది. టీనా నోరు మూసింది. ముక్కు రంధ్రాలు అదిరాయి. తోక నిటారుగా నిలబడింది. నెమ్మదిగా, నొప్పి కాళ్లు మడుచుకుని, డిక్కీ ముందు కూర్చుంది. కూర్చుని నా వైపు చూసింది.

నేను ఆ రోజు ఇంకా ఏమీ దాచలేదు.

మా పనిలో నియమం ఒకటే. కుక్క కూర్చున్నాక హ్యాండ్లర్ నోటి నుంచి 'ఏం లేదులే' అన్న మాట రాకూడదు. చెయ్యి పైకెత్తాను. గేటు మూశారు. సైరన్ మోగింది. ఉమాశ్రీ కారు దిగి, "అందులో ఆవకాయండి. ఆవకాయ జాడీలండి. మా మావయ్యగారు నిన్ననే భీమవరం నుంచి తెచ్చారు, ఆఫీసులో అందరికీ పంచుదామని" అంటూనే ఉంది. వినేవాళ్లెవరు? నేను కూడా వినలేదు. టీనా పొరపాటు చేయదన్న గర్వం నాది.

పోలీసుల బృందం వాళ్ల కుక్కతో వచ్చింది. ఆ కుక్క డిక్కీ అంతా చూసి తోకాడించుకుంటూ పక్కకు వెళ్లిపోయింది. మందపాటి కోటు వేసుకున్నాయన జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పాడు. ఎర్రటి నూనె, ఆవపిండి ఘాటు గుప్పుమంది. ఆయన తుమ్మాడు. ఆ తుమ్మును ఎవరో వీడియో తీశారు, మధ్యాహ్నానికి అది అన్ని టవర్లూ తిరిగింది. వెళ్తూ వెళ్తూ ఉమాశ్రీ నా దగ్గర ఆగింది. "పాపం, దాన్నేమీ అనకండి. పొద్దున్నుంచీ ఎండలో ఉంది కదండీ" అంది. అవమానపడ్డ మనిషి ఆవిడ, ఓదార్పు మాకు చెప్పింది.

ఆ మధ్యాహ్నం మా బండిని వేరే గేటుకు పంపేశారు. మామూలుగా నేను తినేటప్పుడు టీనా బండిలో ఫ్యాను కింద పడుకుంటుంది. ఆ రోజు సెక్యూరిటీ గదిలో నా కాళ్ల దగ్గరే ఉంది. టిఫిన్ విప్పాను. అన్నం, పెసరపప్పు, మూతలో కనకలక్ష్మి పెట్టిన కొత్త పచ్చడి ముక్క. టీనా లేచింది. మూత దగ్గరకు వచ్చి, రొప్పడం ఆపి, నోరు మూసి, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. అడుక్కునే కూర్చోవడం కాదు, అది నాకు తెలుసు. ఇది డ్యూటీ కూర్చోవడం. నా మొహం చూస్తోంది, బంతి ఎక్కడ అని.

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆరు నెలలుగా నేను దానికి నేర్పింది మందు వాసన ఒక్కటే కాదు. మందుతో పాటు ఆవపిండి, మెంతిపిండి, మామిడికాయ పులుపు. మూడుసార్లు కడిగిన సీసాలో మిగిలినదాన్ని అది ఆరు నెలలూ రోజూ చదివింది. మా ఆవిడ పచ్చడి తెలంగాణది, అల్లం వెల్లుల్లి వేసినది. భీమవరం ఆవకాయలో అవి ఉండవు. వాటిని పక్కకు తీసేసి మిగతావి పోల్చుకుందంటే ఆ ముక్కుకు దండం పెట్టాలి. దండం పెట్టలేదు. టిఫిన్ మూసేశాను. సిగ్గేసింది.

నాలుగింటికి బాలు వచ్చాడు. పార్కు వాళ్లు ఉత్తరం పంపారట. కుక్కదా తప్పు, మనిషిదా, తేల్చి ఒకర్ని మార్చమన్నారు.

"శనివారం టెస్టు పెట్టిన్రు. పుల్లయ్య సార్ చేస్తడు" అన్నాడు బాలు. "ఫికర్ చెయ్యకన్నా. ముసల్దయింది, ముక్కు పోయింది అని రాస్తే అయిపోతది. నీకు కొత్త కుక్క ఇస్తరు. దీన్ని నువ్వే ఇంటికి తోల్కపో, ఎవరొద్దంటరు?"

"టెస్టు పాసైతే?"

"పాసైతే తప్పు నీది. నిన్ను తీసేస్తరు. దీన్ని గచ్చిబౌలి సైటుకు పంపుతరు. ఇంకో రెండేండ్లు నడుస్తది."

రెండేళ్లు. ఇంకొకడి చేతిలో తాడు. బండిలోంచి ఎత్తి దించాలని వాడికి ఎవరు చెబుతారు?

ఇంటికి వెళ్లి కనకలక్ష్మికి అంతా చెప్పాను. సీసా సంగతి కూడా. బియ్యం ఏరుతూ వింది.

"నిజం చెప్తే దానికేమొస్తది? ఇంకో గేటొస్తది" అన్నాను. "అబద్ధం చెప్తే ఇంటికొస్తది. నీడన పంటది."

"నీ నౌకరీ సుత ఉంటది" అంది.

"దాని కోసమే చెప్తున్న."

"నేను వద్దంట లేను. ఎవరి కోసం చెప్తున్నవో అది జర తేల్చుకొని చెప్పు."

దాని కోసమే అని ఇంకోసారి అన్నాను. అది సగం నిజం. నలభై మూడేళ్ల వయసులో, పట్టేసే నడుంతో, కుక్క తాడు పట్టుకోవడం తప్ప ఏమీ రాని మనిషికి ఎవరు పనిస్తారన్నది మిగతా సగం.

శనివారం పొద్దున ఏడింటికి కెన్నెల్ మైదానంలో పది రేకు డబ్బాలు వరుసగా పెట్టారు. ఒకదానిలో అసలు మందు, మిగతావి ఖాళీ. మూడు రౌండ్లు, ప్రతిసారీ డబ్బా మారుస్తారు. ఏ డబ్బాలో ఉందో పుల్లయ్య సార్‌కు ఒక్కడికే తెలుసు. ఆయన కుర్చీలో, మోకాలి మీద అట్టపెట్టుకుని కూర్చున్నాడు. పక్కన బాలు ఫోన్ చూసుకుంటున్నాడు. కుక్క కూర్చుని మూడు సెకన్లు కదలకుండా ఉంటేనే లెక్క.

చల్లటి పొద్దు. టీనా ముందురోజంతా పడుకుని ఉంది. చాన్నాళ్ల తర్వాత హుషారుగా ఉంది. తాడును అదే ముందుకు లాగింది.

మొదటి రౌండు. ఒకటి, రెండు, మూడు చకచకా దాటింది. ఏడో డబ్బా దగ్గర తల ఠక్కున వెనక్కి తిరిగింది. ముక్కు రంధ్రాలు అదిరాయి, తోక లేచింది. వెనక కాళ్లు వంగడం మొదలైంది. నేను ఆగలేదు. ఎనిమిదో డబ్బా వైపు అడుగేశాను. తాడు బిగిసింది. టీనా సగం వంగిన కాళ్లతో నన్ను చూసింది. తాను పొరబడ్డట్టు కాదు, నేనే చూసుకోలేదన్నట్టు. ఒక్క క్షణం నిలబడి, నా వెనకే వచ్చింది.

రెండో రౌండు. రెండో డబ్బా దగ్గరే పూర్తిగా కూర్చుంది. ఈసారి ఇంకా గట్టిగా, నేల అదుముకుని, నాకు అర్థమయ్యేలా. పుల్లయ్య సార్ లెక్కపెట్టడం మొదలుపెట్టకముందే నేను మెల్లగా "నో" అన్నాను. తప్పు చోట కూర్చున్నప్పుడు చెప్పే మాట అది. మొదట్లో పని నేర్పేటప్పుడు ఓ పదిసార్లు వాడి ఉంటాను, ఆ తర్వాత ఇన్నేళ్లలో నాకు ఆ మాటతో పని పడలేదు. టీనా లేచింది. చెవులు వెనక్కి వాలాయి. మిగతా డబ్బాలను వాసన చూసినట్టు చేసిందే గానీ చూడలేదు.

మూడో రౌండు. పది డబ్బాలూ ఆగకుండా దాటేసింది. నా మోకాలికి ఆనుకుని, డబ్బాల వైపు కాకుండా నా అడుగుల వైపు చూస్తూ నడిచింది. చివర ఆగి, తలెత్తి తోకాడించింది. ఇప్పుడు సరిగ్గా చేశానా అని అడిగింది. కుక్క ప్రశ్న అంత స్పష్టంగా అడగడం నేనెప్పుడూ చూడలేదు. దాని తల నిమిరాను. అలవాటు కొద్దీ నా నోట్లోంచి శభాష్ అని వచ్చేసింది.

బాలు ఫోన్ జేబులో పెట్టుకుని టీ చెప్పడానికి వెళ్లాడు. పుల్లయ్య సార్ కుర్చీలోంచి లేవలేదు. ముప్పై ఏళ్లు తాళ్లను, వాటిని పట్టుకున్న చేతులను చూసిన మనిషి. మూడో రౌండులో మందు ఎక్కడుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

"ముక్కు పోయింది అని రాయాల్నా?" అన్నాడు.

"రాయున్రి సార్."

"దాని ముక్కేనా?"

నేను టీనా తాడు చుట్టడం మొదలుపెట్టాను. ఆయన కలం తీసి నెమ్మదిగా రాశాడు, సంతకం పెట్టాడు. లేచి టీనా దగ్గరకొచ్చి మోకాళ్ల మీద కూర్చుని, దాని మూతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన తిట్టి ఉంటే నాకు బాగుండేది.

టీనా ఇంటికొచ్చింది. మొదటి నెలంతా నిద్రపోయింది. కనకలక్ష్మి పెరుగన్నం పెడుతుంది, మధ్యాహ్నాలు వాకిట్లో గోనెసంచి తడిపి వేస్తుంది. కాళ్లు కొంచెం సర్దుకున్నాయి. నా చేతికి కొత్త కుక్కనిచ్చారు, బ్రూనో, ఏడాదిన్నర వయసు, ఒక్క నిమిషం కుదురుగా ఉండదు. సీసా నేనే కొత్తది కొన్నాను. గేటు దగ్గర ఉమాశ్రీ అద్దం దించి టీనా ఏదండీ అని అడిగింది. ముక్కు పోయిందమ్మా, ఇంటికాడ ఉంటున్నది అన్నాను. అయ్యో అంది. ఆ అయ్యో నాకు రోజంతా గుచ్చుకుంది.

మొన్న ఆదివారం పొద్దున టీనా చురుగ్గా కనిపించింది. వాకిట్లో ఈగల వెంట పడుతోంది. దానికి ఒక్కసారి తన పండగ తనకు ఇద్దామనిపించింది. డ్యూటీ లేదు, కారు లేదు, ఎండ లేదు. కొత్త సీసాలోంచి శుభ్రమైన గుడ్డముక్క తీసి, అది లోపలున్నప్పుడు నీళ్ల డ్రమ్ము వెనక దాచాను. పాత బెల్టు వేసి వెతకమన్నాను. తోకాడించింది. తులసి కుండీ, చెప్పుల స్టాండు, బండి చక్రం చూసుకుంటూ డ్రమ్ము దగ్గరికొచ్చింది. నోరు మూసింది. ముక్కు అదిరింది. దొరికింది. కూర్చో తల్లీ, కూర్చో అనుకుంటున్నాను.

తిరిగి నా మొహం చూసింది. ఎంతసేపు చూసిందో. తర్వాత చెవులు వాల్చి, డ్రమ్మును దాటి, వచ్చి నా మోకాలికి ఆనుకుని నిలబడింది.

మళ్లీ డ్రమ్ము దగ్గరకు తీసుకెళ్లాను. తాడు వదిలేశాను. చేతులు వెనక్కి కట్టుకున్నాను. టీనా డ్రమ్మును చూడలేదు, నన్నే చూస్తోంది. చివరికి నేనే "కూర్చో" అన్నాను. కూర్చుంది. వాసన తగిలినందుకు కాదు, నేను చెప్పినందుకు. గడప మీద కనకలక్ష్మి చేటతో నిలబడి ఉంది. టీనాకు బంతి ఇచ్చాను. నోట కరుచుకుని, దాన్ని ఏం చేయమంటావని అడుగుతున్నట్టు నా వైపే చూస్తూ ఉండిపోయింది.